డ్రీమ్‌క్యాస్ట్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము అడుగుతోంది. కడపలో వాచీ షాపులో దొరికే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ వేయొచ్చా?

నేరుగా వేయకండి. 1998లో వచ్చిన ఈ సెగా గేమ్ కన్సోల్‌లో ఉన్నది మళ్లీ ఛార్జయ్యే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. బోర్డు దాన్ని ఛార్జ్ చేస్తూ ఉంటుంది. సీఆర్2032 ఛార్జింగుకు పనికిరాదు, ఉబ్బుతుంది, కారుతుంది. కారిన రసం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. షాపులో మళ్లీ ఛార్జయ్యే ఎంఎల్2032 అని స్పష్టంగా అడగండి, లేకుంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

ప్లగ్గు తీసేయండి. పక్కనున్న మోడెమ్ ఊడదీస్తేనే నాలుగో స్క్రూ కనిపిస్తుంది. బ్యాటరీ ఉండేది కంట్రోలర్ పోర్టుల చిన్న బోర్డు మీద. దాని కాళ్లకు కొత్త టంకం కొంచెం అంటించి, 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి తీయాలి. గ్రౌండ్ (మైనస్) కాలు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి ఆలస్యమవుతుంది. తొందరపడి పీకితే కాలు అతికే రాగి ప్యాడ్ బోర్డు నుంచి లేచిపోతుంది, ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

బ్యాటరీకి నేరుగా టంకం పెట్టొద్దు. 2032 హోల్డర్ బిగించండి, ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకోండి. సీఆర్2032 తప్ప దారి లేదంటే ప్లస్ వైపు షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) వేయాలి, గీత ఉన్న కొస బోర్డు వైపుకు.

ఎంఎల్2032 వేస్తే, తర్వాత కన్సోల్‌ను కొన్ని గంటలు ఆన్‌లో ఉంచండి, అప్పుడే ఛార్జెక్కుతుంది. గేమ్ సేవ్‌లకు భయం లేదు, అవి కంట్రోలర్‌లో పెట్టే వీఎంయూ మెమరీ కార్డులోనే ఉంటాయి.