రక్తం ఇచ్చే ముందే అడగండి: అమెరికాలో ల్యాబ్ బిల్లుల సంగతి

అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు రాసిన పరీక్షలే చేయించుకున్నాం, ఇన్సూరెన్స్ కూడా ఉంది, మరి ల్యాబ్ నుంచి బిల్లు ఎందుకు వచ్చింది?" ఇక్కడ డాక్టరు పరీక్ష రాయడం వేరు, దానికి డబ్బు కట్టడానికి ఇన్సూరెన్స్ ఒప్పుకోవడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక చిన్న కోడ్.

ల్యాబ్‌కు వెళ్ళే ప్రతి పరీక్షతో పాటు రెండు కోడ్‌లు వెళతాయి. మొదటిది ఏ పరీక్ష చేశారో చెప్పే సీపీటీ కోడ్, రెండవది ఎందుకు చేశారో చెప్పే ఐసీడీ కోడ్. మన బిల్లును తేల్చేది చాలాసార్లు ఆ రెండవదే. నేను వచ్చిన కొత్తలో వార్షిక పరీక్షకు వెళ్ళి, కొన్ని నెలలుగా నీరసంగా ఉంటోందని మాటవరసకు చెప్పాను. డాక్టరు వెంటనే విటమిన్ డి, బి12, థైరాయిడ్ పరీక్షలు కూడా కలిపారు. కొన్ని వారాల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈఓబీ అనే కాగితం వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఉంది. దాని కింద ల్యాబ్ వేసిన ధర, ప్లాన్ ఒప్పుకున్న ధర, నేను కట్టవలసిన మొత్తం వరుసగా ఉన్నాయి. విటమిన్ డి ఎదురుగా ప్లాన్ కట్టిన చోట సున్నా ఉంది. కారణం వెతికితే తేలిందేమిటంటే, నీరసం సంగతి డాక్టరు నోట్సులో ఉన్నా, ల్యాబ్‌కు పంపిన కాగితంలో సాధారణ ఆరోగ్య పరీక్షకు వాడే జెడ్00.00 కోడ్ ఒక్కటే ఉంది. డాక్టరు ఆఫీసులోని బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి, నోట్సులో ఉన్నట్టుగానే నీరసానికి వాడే ఆర్53.83 చేర్చి మళ్ళీ పంపమని కోరాను. అప్పుడు ప్లాన్ ఆ పరీక్షలను ఆమోదించింది. అయినా డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనమే పెట్టుకోవలసిన మొత్తం, పూర్తికాలేదు కాబట్టి కొంత నేనే కట్టాను. కానీ కట్టింది ల్యాబ్ వేసిన ధర కాదు, ప్లాన్ ఒప్పుకున్న తక్కువ ధర. ఉన్న లక్షణాన్ని ఉన్నట్టు రాయమని అడగడం మన హక్కు. లేని జబ్బును రాయమని అడగడం మాత్రం మోసం, ఆ పని ఎప్పుడూ చేయకండి.

2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం, యూఎస్‌పీఎస్‌టీఎఫ్ అనే నిపుణుల బృందం 'ఏ' లేదా 'బి' గ్రేడు ఇచ్చిన నివారణ పరీక్షలకు చాలా ప్లాన్లు కోపే (ప్రతి సేవకూ మన వంతుగా కట్టే మొత్తం), డిడక్టిబుల్ లేకుండా డబ్బు కట్టాలి. ఉదాహరణకు 35 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉండి అధిక బరువున్న వారికి షుగర్ పరీక్ష ఈ జాబితాలో ఉంది. ఏ లక్షణమూ లేనివారికి విటమిన్ డి పరీక్ష అందులో లేదు. ఏడాదికోసారి "అన్నీ చూసేయండి" అని డాక్టరును అడిగే అలవాటు ఇక్కడ ఖరీదైనది కావడానికి కారణం ఇదే.

అడగవలసిన మరో ముఖ్య విషయం, శాంపిల్ ఏ ల్యాబ్‌కు వెళుతుందన్నది. ఆసుపత్రి ఆవరణలోని ల్యాబ్‌కూ బయటి స్వతంత్ర ల్యాబ్‌కూ ఒకే పరీక్ష ధర ఎన్నో రెట్లు తేడాగా ఉండవచ్చు. అసలు ఖరీదు ఎంతో ఒక అంచనా కావాలంటే మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్ళు దాటినవారికి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) ల్యాబ్‌లకు చెల్లించే ధరల పట్టిక చూడండి. ఇటీవలి సంవత్సరాలలో అందులో లిపిడ్ ప్యానెల్‌కు (కొలెస్ట్రాల్ పరీక్షకు) 13.39 డాలర్లు, విటమిన్ డి పరీక్షకు 29.60 డాలర్లు ఉన్నాయి. 2014లో వచ్చిన పామా చట్టం ప్రకారం, ప్రైవేటు ఇన్సూరెన్స్‌లు ల్యాబ్‌లకు ఎంత చెల్లిస్తున్నాయో సేకరించి, 2018 నుంచి ఈ పట్టికను నిర్ణయిస్తున్నారు. ఈ చెల్లింపులలో తరువాతి విడత కోతలను కాంగ్రెస్ పదేపదే వాయిదా వేస్తూ వచ్చింది. చెల్లింపులు ఇంకా తగ్గితే చిన్న ల్యాబ్‌లు నిలదొక్కుకోవడం కష్టమవుతుందన్నది నా భయం, అప్పుడు మనకు ఎంచుకునే అవకాశమూ తగ్గుతుంది.

2022 జనవరి నుంచి అమలులో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే మీ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో చికిత్స పొందినప్పుడు శాంపిల్ నెట్‌వర్క్‌లో లేని ల్యాబ్‌కు వెళ్ళినా అదనపు బిల్లు రాకుండా అది కాపాడుతుంది. కానీ డాక్టరు సొంత క్లినిక్‌లో తీసిన రక్తాన్ని నెట్‌వర్క్‌లో లేని ల్యాబ్‌కు పంపితే ఆ రక్షణ సాధారణంగా వర్తించదు. అందుకే సూది గుచ్చకముందే ల్యాబ్ పేరు అడగండి. మీ ప్లాన్ ఏదైనా పరీక్షను తిరస్కరిస్తే, నోటీసు అందిన 180 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు ఇన్సూరెన్స్ వాడకుండా సొంత డబ్బుతో పరీక్షలు చేయించవలసి వస్తే, ముందుగా రాతపూర్వకమైన అంచనా అడగండి. అసలు బిల్లు దానికంటే 400 డాలర్లు లేదా అంతకుమించి ఎక్కువైతే 120 రోజులలో వివాదం దాఖలు చేసే వీలుంది. గ్రీన్‌కార్డుతో వరుసగా ఐదేళ్ళు ఇక్కడ నివసించిన 65 ఏళ్ళు దాటినవారు ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. ఆమోదించిన ల్యాబ్ పరీక్షలకు అందులో కోపే ఉండదు.

రాబోయే కాలంలో ఈ విషయం ఇంకా క్లిష్టమవుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌ను రక్తంతో పట్టుకునే షీల్డ్ పరీక్షకు 2024లోను, అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే మొదటి రక్తపరీక్షకు 2025లోను మందులను, పరీక్షలను ఆమోదించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు ఇంట్లోనే శాంపిల్ తీసుకునే సాధనం కూడా 2025లో ఆమోదం పొందింది. ఆసుపత్రికి వెళ్ళడానికి సంకోచించే మన ఆడవాళ్ళకు ఇది నిజంగా మేలు చేస్తుందని నా నమ్మకం. అయితే ఎఫ్‌డీఏ అనుమతి అంటే పరీక్ష పనిచేస్తుందని ఒప్పుకోవడమే గాని, మీ ప్లాన్ డబ్బు కడుతుందన్న హామీ కాదు. ఇలాంటి పరీక్ష ఎవరైనా సూచిస్తే సీపీటీ కోడ్, ఐసీడీ కోడ్ రెండూ కాగితం మీద రాయించుకుని, ఇన్సూరెన్స్ కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఆ కోడ్‌లకు ఎంత కడతారో అడగండి. మాట్లాడినవారి పేరు, తేదీ, వారిచ్చిన రిఫరెన్స్ నంబరు అదే కాగితం మీద రాసి దాచుకోండి.