అయోనైజర్ పెడితే బాబుకి దగ్గు... అది రేడియేషనా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆస్తమా ఉంది. ఈమధ్యే అయోనైజర్ (గాలిలో అయాన్లు పుట్టించేది) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొని వాడి బెడ్‌రూమ్‌లో పెట్టాం. రాత్రి ఆన్ చేస్తే ఏదో ఘాటు వాసన, పొద్దున్నే వాడికి దగ్గు. అయాన్లంటే ఎక్స్‌రే లాంటి రేడియేషనే అని మా తోడికోడలు భయపెడుతోంది. నిజమేనా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: రేడియేషన్ భయం పక్కన పెట్టేయండమ్మా, ఆ వాసనని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

పరమాణువులో ప్లస్ చార్జి ప్రోటాన్లు ఎన్నో మైనస్ చార్జి ఎలక్ట్రాన్లూ అన్నే, అందుకే దానికి చార్జి ఉన్నట్టే తెలీదు. ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతే ప్లస్ అయాన్, ఎక్కడిదో ఒకటొచ్చి అతుక్కుంటే మైనస్ అయాన్, అంతే సంగతి. మామూలు గాలిలో కూడా ఇవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి, నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వల్ల, అంతరిక్షం నుంచి పడే కాస్మిక్ కిరణాల వల్ల.

మీ తోడికోడలు గారి అనుమానం ఎక్కడ నుంచి వచ్చిందో అర్థమైంది. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ని లాగాలంటే సుమారు 12 ఎలక్ట్రాన్ వోల్టుల ఎనర్జీ కావాలి, మామూలు వెలుతురుకి 2, 3 ఉంటుంది, ఎక్స్‌రేకి వేలల్లో ఉంటుంది కాబట్టి అది ఒంట్లోకి వెళ్లి కూడా ఎలక్ట్రాన్లని పీకేస్తుంది, అందుకే అవసరమైతేనే తీయిస్తాం. మీ మెషిన్‌లో అలాంటి కిరణాలేం లేవు, సన్నని సూది మొనకి కొన్ని వేల వోల్టులు ఇస్తారు, ఆ మొన చుట్టూ ఉన్న కాస్త గాలే అయాన్లవుతుంది. అవి దుమ్ముకి అంటుకుంటే దుమ్ముకీ చార్జి వస్తుంది, అప్పుడా దుమ్ము పోయి గోడకీ దుప్పటికీ అతుక్కుంటుంది. మెషిన్ వెనక గోడ మీద నల్లగా మరక పడిందేమో ఒకసారి చూడండి, దుప్పటి దులిపితే అదే దుమ్ము మళ్లీ లేస్తుంది.

అసలు చిక్కు ఓజోన్‌తో. ఆ మొన దగ్గరే ఆక్సిజన్ అణువులు కొన్ని విడిపోతాయి, విడిపోయిన పరమాణువు పక్కనున్న ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. జిరాక్స్ మెషిన్ బాగా వేడెక్కినప్పుడు వచ్చే వాసన గుర్తుందా, చాలావరకు అదే. మీ గదిలో వస్తున్నదీ అదే అయ్యుంటుంది. ఆస్తమా ఉన్న పిల్లల శ్వాసనాళాలకి అది అస్సలు పడదు, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, పిల్లికూతలు మొదలవుతాయి. నెగటివ్ అయాన్లు ఊపిరితిత్తులకి మేలని బాక్సు మీద రాస్తారు గానీ ఆస్తమాకి లాభం ఉన్నట్టు గట్టి రుజువు లేదు, నన్నడిగితే దానికి డబ్బులు దండగ.

ఈ రాత్రికే అయాన్ బటన్ ఆఫ్ చేసి సన్నని దుమ్ముని పట్టే హెపా ఫిల్టర్ ఉంటే అదొక్కటే నడపండి, విడిగా ఆఫ్ అవ్వకపోతే మెషిన్ ఆ గదిలోంచి తీసేయండి. రోజూ వాడే ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు. వారం రోజులైనా దగ్గు తగ్గకపోతే మీ డాక్టర్‌కి చూపించండి, బాబు ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నా, పూర్తిగా ఒక మాట చెప్పలేకపోతున్నా రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పనిచేసేది) ఇచ్చి ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోండి.