కుక్కపిల్ల ధర కాదు తమ్ముడూ, కుక్క ఖర్చు అడుగు

టెక్సాస్‌లో, ప్లేనోలో ఉంటున్న ఒక తమ్ముడి సందేహం ఇది. పెళ్ళయి ఏడాది, అమెరికా వచ్చి ఎనిమిది నెలలు. భార్య హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద రోజంతా అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటోంది, అందుకని కుక్కని పెంచుకుందాం అనుకుంటున్నారు. దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకోవాలా, జాతి కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మే బ్రీడర్ దగ్గర గోల్డెన్ రిట్రీవర్ పిల్లని కొనాలా, 2,500 డాలర్లు చెప్తున్నాడు, మరీ ఎక్కువా, ఇంతకీ ఆవిడకి కుక్క తోడవుతుందా అని అడిగాడు.

ధర దగ్గరే ఆగిపోయావంటే నువ్వు కొత్తగా వచ్చావని తెలిసిపోతోంది తమ్ముడూ. ఏమనుకోకు, నేనూ అక్కడే ఆగాను. కాకపోతే 2014లోనే ఆగి, దెబ్బతిని, తేరుకున్నవాణ్ణి కాబట్టి నీకు చెప్పగలుగుతున్నా.

అప్పుడు మేం ఇర్వింగ్‌లో వన్ బెడ్‌రూమ్‌లో ఉండేవాళ్ళం. డాలరు 60 రూపాయలున్న రోజులు, గ్యాలన్ పాలు కొన్నా మనసులో 60తో గుణించుకునేవాణ్ణి. ఆన్‌లైన్ ప్రకటనలో ఏకేసీ పేపర్లున్న (అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో జాతి నమోదైన) గోల్డెన్ పిల్లలు 900 డాలర్లని చూశా, మిగతా చోట్ల 1,500కి తక్కువ లేవు. ఫోన్ చేస్తే ఆయన, మా ఇల్లు చాలా దూరం, మీకెందుకు శ్రమ, సగం దారిలో నేనే తెచ్చిస్తా అన్నాడు. ఎంత మంచివాడో అని మురిసిపోయాం. వేకో వెళ్ళే దారిలో ఐ-35 హైవే పక్కన ఓ గ్యాస్ స్టేషన్ పార్కింగ్‌లో ట్రక్కు వెనక అట్టపెట్టెలోంచి తీసి చేతిలో పెట్టాడు, నగదు లెక్కపెట్టి ఇచ్చేశా. పేపర్లు పోస్టులో వస్తాయన్నాడు. మా తాత గేదెని కొనాలంటే రెండు పూటలా తన ఎదురుగా పాలు పిండించి, పళ్ళు చూసి, దాని తల్లి ఎలాంటిదో ఊళ్ళో నలుగురినీ అడిగితే గాని బయానా ఇచ్చేవాడు కాదు. ఆయన మనవణ్ణి, ఎంఎస్ చదివినవాణ్ణి, తల్లిని చూపించమని అడగాలని కూడా తోచలేదు.

లడ్డు అని పేరు పెట్టుకున్నాం. నాలుగో రోజు పొద్దున తిండి ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, సాయంత్రానికి నెత్తురు విరేచనాలు. ఆ వాసన ఒకసారి తగిలితే జన్మలో మర్చిపోలేం. ఎమర్జెన్సీకి పరిగెత్తితే పది నిమిషాల్లో పరీక్ష చేసి పార్వో అన్నారు, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ అది. తర్వాత ఓ కాగితం తెచ్చి ముందు పెట్టారు. ఎడమ పక్క 2,900, కుడి పక్క 4,100, కింద సంతకానికి గీత. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువైతే ఇంత, సగం ఇప్పుడే కట్టాలి అని అర్థం. నా కార్డు లిమిట్ 1,000 డాలర్లు, క్రెడిట్ హిస్టరీ ఉంటేగా! రాత్రి 11 గంటలకి పాత రూమ్మేట్‌ని నిద్ర లేపి కార్డు నంబరు చెప్పించుకుని కట్టా. నాలుగు రాత్రులు సెలైన్ మీద ఉండి లడ్డు బతికాడు. అమ్మినవాడి ఫోన్ అప్పటికే పనిచెయ్యట్లేదు, పేపర్లు ఈరోజుకీ రాలేదు. ఆ అప్పు ఏడు నెలల్లో తీర్చా, ఆ ఏడు నెలలూ ఆఫీసుకి పెరుగన్నం, మాగాయ తప్ప ఇంకోటి పట్టుకెళ్తే ఒట్టు. అమ్మావాళ్ళకి మాత్రం ఒక్క నెల కూడా డబ్బు పంపడం ఆపలేదు, అది వేరే సంగతి.

అంతటితో అయిపోయిందా? ఏడాది దాటాక కుంటడం మొదలెట్టాడు. ఎక్స్‌రే తీస్తే హిప్ డిస్‌ప్లేజియా, తుంటి కీలు సరిగ్గా కూర్చోలేదు. అప్పుడు పెట్ ఇన్సూరెన్స్ తీసుకున్నా, ఇల్లు కాలాక బావి తవ్వినట్టు. ముందే ఉన్న జబ్బుకి ఇవ్వం అన్నారు. కాబట్టి నువ్వు ఏ కుక్కని తెచ్చినా సరే, తెచ్చిన వారంలోనే పాలసీ తీసుకో, వెయిటింగ్ పీరియడ్, అంటే ఎన్నాళ్ళు ఆగితే గాని డబ్బివ్వరో, చదువు.

ఇప్పుడు నీ 2,500 సంగతి. పిల్ల తల్లిదండ్రులకి ఓఎఫ్ఏ వాళ్ళ (కుక్కల ఎముకలు, కీళ్ళు పరీక్షించి చెప్పే సంస్థ) హిప్ సర్టిఫికెట్ ఉందా అడుగు. రెండేళ్ళు నిండితే గాని అది ఇవ్వరు, కాబట్టి ఏడాదిన్నర తల్లికి పుట్టిన పిల్లలైతే అక్కడే లేచి వచ్చెయ్. ఏకేసీ పేపర్లు వంశం చెప్తాయి, ఆరోగ్యం చెప్పవు. నిజమైన బ్రీడర్ ఇంటికి రమ్మంటాడు, తల్లిని చూపిస్తాడు, ఎనిమిది వారాలు నిండకుండా పిల్లనివ్వడు, నీకు కుదరకపోతే కుక్కని వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాసిస్తాడు. నువ్వు అడిగే ప్రశ్నల కంటే అతను నిన్ను అడిగేవే ఎక్కువ ఉంటాయి. అలాంటివాడు 2,500 అంటే నేను ఎక్కువ అనను. 900 అంటేనే నాకిప్పుడు భయం.

కానీ నువ్వు ఆ దారిలో వెళ్ళొద్దనే నా సలహా. మూడేళ్ళో నాలుగేళ్ళో వయసున్న కుక్కని షెల్టర్ నుంచి తెచ్చుకో. పిల్ల ముద్దుగా ఉంటుంది, కాదనను, కానీ రేపు అది ఎంత బరువు పెరుగుతుందో, ఏ జబ్బు బయటపడుతుందో అన్నీ నీ జేబు మీదే. గోల్డెన్ మగకుక్క 65 నుంచి 75 పౌండ్లు తూగుతుంది, చాలా అపార్ట్‌మెంట్లలో 50 పౌండ్ల లిమిట్ ఉంటుంది. లీజు చదివావా? నేను చదవలేదు. చదివి ఉంటే ఆర్నెల్లకే ఇల్లు మారాల్సి వచ్చేది కాదు, డిపాజిట్ పోయేది కాదు. నెలనెలా పెట్ రెంట్ కూడా ఉంటుంది, 30 డాలర్లే కదా అనుకుంటావు, కుక్క ఉన్నన్నాళ్ళూ లెక్కేసుకో.

2019లో షెల్టర్ నుంచి రాణి అనే కుక్కని తెచ్చినప్పుడు నేను వెనకటి అమాయకుణ్ణి కాను, ఎక్సెల్ షీట్ పెట్టా. ఫీజు 150 డాలర్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు, మైక్రోచిప్ అన్నీ అందులోనే. అయితే హార్ట్‌వార్మ్ పాజిటివ్, అంటే దోమకాటుతో గుండెలో చేరే పురుగులు. టెక్సాస్ దోమల పుణ్యమా అని ఇక్కడి రెస్క్యూ (దిక్కులేకుండా దొరికిన) కుక్కల్లో ఇది చాలా మామూలు. ఇంజెక్షన్లు ఇస్తారు, నెలల తరబడి పరిగెత్తనివ్వకూడదు. భయపడి వదిలెయ్యకు, వైద్యం ఖర్చు ఎవరిది అని మాత్రం ముందు అడుగు. మేం అడిగాం. వైద్యం వాళ్ళు చేయించారు, ఆ నెలలన్నీ ఫాస్టర్ కింద, అంటే తాత్కాలికంగా, మా ఇంట్లో ఉంచుకుని, తగ్గాక అడాప్ట్ చేసుకున్నాం. ఇంకో ప్రైవేటు రెస్క్యూ వాళ్ళు అంతకుముందు కంచె ఉన్న పెరడు లేదని మమ్మల్ని వద్దన్నారు. మనసు చివుక్కుమంది, నిజమే, కానీ వీసా ఏంటని ఎవరూ అడగలేదు, లీజు కాగితమే అడిగారు.

రాణి మొదటి మూడు రోజులు డైనింగ్ టేబుల్ కింద నుంచి బయటికే రాలేదు. అది మామూలే, మూడు వారాలకి ఇల్లు తెలుస్తుంది, మూడు నెలలకి మనవాళ్ళని తెలుస్తుంది.

తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడు, దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కేంట్రా అని రెండు వారాలు దానివైపు చూడలేదు. మూడో వారం నుంచి నాకు తెలియకుండా పెరుగన్నం పెట్టడం మొదలెట్టింది. శ్రావణ శుక్రవారం నాడు పాయసం గిన్నె కూడా నాకించింది. అందులో కిస్మిస్! ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కుక్కలకి విషం, కిస్మిస్ అయితే కిడ్నీల మీద కొడుతుంది. కార్లో వేసుకుని పరిగెత్తాం, వాంతి చేయించారు. డాక్టరమ్మ తెల్ల తువ్వాలు మీద పరిచి చేత్తో లెక్కపెట్టింది, పదకొండు కిస్మిస్‌లు. బిల్లు 480 డాలర్లు. అంటే ఎంతరా అని దారంతా అమ్మ అడుగుతూనే ఉంది, నేను చెప్పలేదు. కిస్మిస్ ఒక్కోటి దాదాపు 44 డాలర్లు పడిందని మాత్రం ఇంటికొచ్చి షీట్‌లో రాసుకున్నా.

మరదలికి తోడు సంగతి కూడా అడిగావు కదా. తోడు ఉంటుంది, దానికేం. రోజుకి రెండు పూటలు బయటికి తీసుకెళ్ళాలి కాబట్టి నలుగురూ పలకరిస్తారు. మా ఆవిడకి ఈ దేశంలో మొదటి స్నేహితురాలు లడ్డు వల్లే దొరికింది, పక్క బిల్డింగ్ పెద్దావిడ, ఇప్పటికీ పండక్కి వస్తుంది. దానికి ఖర్చేం లేదు, అందుకే ఎక్కువ రాయట్లేదు.

టీకాలు, సిటీ లైసెన్సులు, ఆ రూల్స్ అన్నీ ఆన్‌లైన్‌లో చూసుకో. కుక్కని ఇండియా తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చుకుందాం అని ప్లాన్ వేసే ముందు మాత్రం సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) నిబంధనలు చదువు. 2024 ఆగస్టు నుంచి గట్టిపడ్డాయి, ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది.

కాబట్టి ఇండియా వెళ్తే కుక్కని ఇక్కడే వదలడం మేలు. బోర్డింగ్ రాత్రికి 50 డాలర్లు, నాలుగు వారాలంటే 1,400, పండగల సీజన్‌లో ఇంకా ఎక్కువ. ఒక మనిషి టికెట్ అది! అందుకే కుక్కలున్న మన తెలుగు కుటుంబాలు రెండు మూడు చూసుకుని వంతులు పెట్టుకోండి, మీరు వెళ్ళినప్పుడు వాళ్ళు, వాళ్ళు వెళ్ళినప్పుడు మీరు. మమ్మల్ని మాత్రం ఈ డిసెంబరుకి అడగొద్దు, ఇప్పటికే రెండు వస్తున్నాయి, అందులో ఒకటి సోఫాలు కొరుకుతుంది.