కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే మాయం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయికి వారం కిందట సిజేరియన్ అయింది. మూడో రోజు నుంచి, బిడ్డకు పాలివ్వడానికి లేచి కూర్చున్న ఐదు నిమిషాలకే తల పగిలిపోతోందని ఏడుస్తోంది. పడుకుంటే ఇట్టే తగ్గిపోతోంది. మెడ పట్టేసింది, చెవుల్లో హోరు. పచ్చి బాలింతకు గాలి సోకిందని పెద్దవాళ్లు చెవులకు గుడ్డ కట్టి, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘పడుకుంటే తగ్గిపోతోంది’ అన్నదే. మన మెదడు, వెన్నుపాము చుట్టూ సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. మెదడు అందులో తేలుతూ ఉంటుంది. సిజేరియన్‌కు నడుము దగ్గర మత్తు సూది వేసినప్పుడు ఆ ద్రవాన్ని పట్టి ఉంచే పొరకు పడిన చిన్న రంధ్రం కొందరిలో వెంటనే పూడదు. ద్రవం కారిపోయి పీడనం తగ్గడంతో, లేచినప్పుడు మెదడు కాస్త కిందికి జారి, చుట్టూ ఉన్న పొరలు సాగి నొప్పి పుడుతుంది. మీ అమ్మాయిది ఇదే కావచ్చు. అయితే బాలింతకు రక్తపోటు పెరిగినా, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా తలనొప్పి వస్తుంది కనుక, డాక్టరు చూసి తీరాలి.

నీళ్లు కొలిచి ఇవ్వడం ఈరోజే మానేయండి. నీళ్లతో రంధ్రం పూడదు కానీ, ఒంట్లో నీరు తగ్గితే నొప్పి ఎక్కువవుతుంది, సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. పక్కకు తిరిగి పడుకునే పాలివ్వమనండి. పారాసిటమాల్, రోజుకు ఒకటి రెండు కప్పుల కాఫీ కొంత ఉపశమనమిస్తాయి.

చాలామందికి ఒకటి రెండు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. కానీ బిడ్డను ఒడిలోకి తీసుకోలేనంత నొప్పి ఉన్న తల్లిని ఓర్చుకోమనడం నాకు సమ్మతం కాదు. మత్తు డాక్టరును కలిసి ‘బ్లడ్ ప్యాచ్’ గురించి అడగండి. ఆమె చేతి నుంచే దాదాపు 20 మిల్లీలీటర్ల రక్తం తీసి, నడుములో ఆ పొర వెలుపల ఎక్కిస్తారు. అది గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది. చాలామందికి కొన్ని గంటల్లోనే తేడా తెలుస్తుంది, కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. జ్వరం ఉన్నా, రక్తం గడ్డకట్టే తీరులో లోపం ఉన్నా చేయరు. తర్వాత కొన్నాళ్లు నడుము నొప్పి ఉండవచ్చు, బరువులు ఎత్తకూడదు.

ఒక్కటి మాత్రం కనిపెట్టి చూడండి. పడుకున్నా నొప్పి తగ్గడం మానేసిందంటే, సాగిన సిరలు చిట్లి మెదడు పైన రక్తం చేరి ఉండవచ్చు. అప్పుడు గానీ, ఒకే వస్తువు రెండుగా కనిపించినా, ఫిట్స్, మగత, చేయి కాలు పట్టు తప్పడం, జ్వరం వచ్చినా గానీ, తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, స్విమ్స్ వంటి న్యూరాలజీ విభాగమున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెన్నుకు మత్తు ఇచ్చిన తేదీ ఉన్న డిశ్చార్జి కాగితం వెంట ఉంచుకోండి.