సొంతంగా టైల్స్ పని పట్టుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మేస్త్రీ చేతికింద ఆరేళ్ళు చేశావని, ఇక సొంతంగా పని పట్టుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టైలు వేయడం నీకు నేను నేర్పక్కర్లేదు, నీ చెయ్యి మంచిదే. కానీ ఇన్నాళ్ళూ టైలు లేచినా, నీళ్ళు పోయే వాటం తప్పినా, సరుకు తక్కువ పడినా నష్టం మేస్త్రీది. ఇకనుంచి నీది. అడుగుల లెక్కన పని పట్టినవాడు పీకి మళ్ళీ వేస్తే ఆ రెండో కూలి ఎవరూ ఇవ్వరు. పోయే డబ్బులో ముప్పాతిక భాగం మొదటి టైలు వేయకముందే పోతుంది కాబట్టి, ఈ ఉత్తరంలో ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

ఇల్లు చూడటానికి వెళ్ళిన మొదటి రోజే రేటు చెప్పెయ్యకు. టేపు, లెవల్ పైపు, తూకం గుండు, మూలమట్టం తీసుకుని వెళ్ళు. గచ్చుకి మూడడుగుల ఎత్తున ఇల్లంతా ఒకే మట్టానికి గోడల మీద గుర్తులు పెట్టు. ఆ గుర్తు నుంచి కిందికి ప్రతి గదిలో నాలుగు మూలలూ, మధ్యలో ఒకచోటా కొలిచి రాసుకో. కొలత ఎక్కడ తక్కువ వస్తే అక్కడ స్లాబు ఎత్తుగా ఉన్నట్టు. ఆ ఎత్తు చోట కూడా మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన పరుపు, కనీసం అంగుళం ఉండాలి, దానిమీద టైలు మందం 9, 10 మిల్లీమీటర్లు. పూర్తయిన గచ్చు మట్టం అక్కడ తేలుతుంది. దాన్ని సింహద్వారం గడపతోనూ, మిగతా తలుపుల అడుగుతోనూ సరిచూడు. తలుపు రెక్కలు కొయ్యాల్సి వస్తుందంటే ఆ మాట ఆ రోజే ఇంటాయనతో అను. తర్వాత చెబితే అది నీ తప్పు కింద జమవుతుంది.

మాలు లెక్క నోటికి వచ్చి ఉండాలి. సిమెంటు ఒకటికి ఇసుక ఐదు పాళ్ళలో, ఒకటిన్నర అంగుళం మందానికి, 100 చదరపు అడుగులకు సిమెంటు రెండుంపావు బస్తాలు, ఇసుక 14 ఘనపుటడుగులు పడతాయి. పైన పోసే సిమెంటు పాలకు ఇంకో 30 కిలోలు వేసుకో. మందం అరంగుళం పెరిగినప్పుడల్లా ముప్పావు బస్తా సిమెంటు, నాలుగున్నర అడుగుల పైచిలుకు ఇసుక అదనం. ఏ మూలైనా మూడున్నర అంగుళాల పల్లం ఉందంటే ఇంటాయన తెప్పించిన సిమెంటు చాలదు. పైగా ఆ మాలంతా మోసేది నీ హెల్పరు. అందుకే కాగితంలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: "మాలు మందం రెండంగుళాలు దాటితే అదనపు కూలి."

పాత ఇళ్ళలో తాండూరు బండలో, బేతంచెర్ల బండలో, పాత టైల్సో ఉంటాయి. వాటి మీదే వేసెయ్యమంటారు. ప్రతి బండనూ సుత్తితో తట్టి చూడు. డొల్లమోత వచ్చినవి పీకాల్సిందే. గట్టిగా ఉన్నవాటి మీద వేయొచ్చు, కానీ నున్నటి పైపొరను గ్రైండరుతో గరుకు చేసి, కడిగి, టైల్స్ జిగురు, అదే అడ్హెసివ్‌తో వెయ్యి. సిమెంటు పాలు దానిమీద పట్టవు. గచ్చు అరంగుళం పైనే లేస్తుంది, అంటే తలుపుల సంగతి మళ్ళీ ముందుకొస్తుంది.

ఇక రేటు. హాలుకీ బాత్రూముకీ ఒకే రేటు ఒప్పుకున్నవాడు మొదటి ఇంట్లోనే మునుగుతాడు. ఖాళీ హాల్లో 2×2 టైల్స్ ఒక మేస్త్రీ, ఒక హెల్పరు రోజుకు 100, 120 అడుగులు వేస్తారు. బాత్రూములో అందులో సగం పడితే గొప్ప. 5×7 అడుగుల బాత్రూము తీసుకో. చుట్టుకొలత 24 అడుగులు, ఏడడుగుల ఎత్తుకి 168. రెండున్నర అడుగుల తలుపు తీసేస్తే 150 చిల్లర, గచ్చు 35. మొత్తం 185 అడుగులు. కాగితం మీద చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ అందులో కుళాయిల బెజ్జాలు డజను దాకా, వాటం, నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్, కిటికీ చుట్టూ కోతలు, మూలమూలకీ తూకం ఉంటాయి. దీనికి విడిగా గుత్తగా మాట్లాడు. గోడ అడుగున వేసే స్కర్టింగు పట్టీ రన్నింగ్ అడుగుల్లో, అంటే పొడవు లెక్కన, మూల కలపడానికి అంచు ఏటవాలుగా కోసే మైటర్ కోత కూడా రన్నింగ్ అడుగుల్లో, తలుపుల దగ్గర గ్రానైటు పట్టీలు ముక్క లెక్కన రాయించు. పాత గచ్చు పగలగొట్టేది ఎవరు, ఆ రాళ్ళూ మట్టీ ఎత్తిపోసేది ఎవరు, బాక్సులు మూడో అంతస్తుకి మోసేది ఎవరు అన్నవి కూడా రాయాలి. 2×2 బాక్సులో నాలుగు టైల్స్ ఉంటాయి, బరువు పాతిక కిలోలు దాటుతుంది. అరవై బాక్సులు మెట్లెక్కించడమంటే ఇద్దరికి ఒక రోజు పని.

బాక్సుల సంఖ్య చాలాసార్లు ఇంటాయన నిన్నే అడుగుతాడు. ఇక్కడ కొత్తవాళ్ళు పడే గుంట ఒకటుంది. 2×2 అంటే నిజంగా రెండడుగులు కాదు, 600 మిల్లీమీటర్లు. రెండడుగులంటే 609 పైన. నాలుగు టైల్స్ కలిపి 1.44 చదరపు మీటర్లు, అంటే పదిహేనున్నర అడుగులు. షాపులో 16 అంటారు. వెయ్యి అడుగుల ఇంటికి 16 చొప్పున 63 బాక్సులు సరిపోతాయనిపిస్తుంది, నిజానికి 65 కావాలి. దానిపైన తరుగు: నేరుగా వేస్తే నూటికి 5, చిన్న గదుల్లో 4×2 టైలుకి 8 నుంచి 10, ఐమూలగా వేస్తే 10 దాటుతుంది. చివర్లో రెండు బాక్సులు తక్కువ పడి మళ్ళీ తెప్పిస్తే అదే బ్యాచ్ దొరకదు, రంగు తేడా గచ్చు మధ్యలో కనిపిస్తుంది. సరుకు దిగిన రోజే ప్రతి బాక్సు మీదా బ్యాచ్ నంబరు, షేడు, సైజు గుర్తు చూడు. తేడా ఉన్నవి వెనక్కి పంపించు. ఒకసారి కోసి అంటించాక షాపువాడు తీసుకోడు. రెండు టైల్స్ ముఖాముఖి పెట్టి మధ్యలో ఎంత వంపుందో కూడా చూడు. 4×2 టైల్స్‌లో ఈ వంపు మామూలే. అలాంటివి ఇటుక కట్టులా సగం సగం జరిపి వెయ్యమంటే ఒప్పుకోకు, ఒకదాని మధ్యభాగం పక్కదాని అంచుకంటే పైకి లేచి కాలికి తగులుతుంది. మూడో వంతు జరిపితే చాలని నచ్చజెప్పు.

దారం కట్టేముందు గది మూలలు లంబంగా ఉన్నాయో లేదో 3-4-5 లెక్కతో చూడు. పెద్ద హాలైతే 6-8-10. ఉండవులే, ఏ ఇంట్లోనూ ఉండవు. గోడను నమ్మి దారం కట్టకు, సింహద్వారంలోంచి లోపలికి చూసేవాడి చూపును బట్టి కట్టు. తర్వాత కోత ఎంత వస్తుందో లెక్క వేసుకో. గది వెడల్పు 12 అడుగుల 2 అంగుళాలు, అంటే 3708 మిల్లీమీటర్లు అనుకో. 2 మిల్లీమీటర్ల సందుతో ఆరు టైల్స్‌కి 3612 పోగా 96 మిగులుతుంది. గోడవార నాలుగంగుళాల పీలిక కనిపిస్తే ఎంత బాగా వేసినా పని అసహ్యంగా ఉంటుంది. ఐదు టైల్స్ నిండుగా వేసి మిగిలినదాన్ని రెండు వైపులా పంచు, అటూ ఇటూ 349 దాకా వస్తుంది. వరసకి ఒక టైలు ఎక్కువ కొయ్యాల్సి వస్తుంది, తరుగు కొంచెం పెరుగుతుంది, ఆ సంగతి ముందే చెప్పు.

గచ్చు పనిలో గొడవలన్నీ డొల్ల దగ్గరే. దానికి కారణాలు నాలుగైదు: దుమ్ము ఊడ్వని స్లాబు, తడపని స్లాబు, పొడిపొడిగా కలిపిన మాలు, పోసి వదిలేసి ఆరిపోయిన సిమెంటు పాలు, టైలు వెనకాల బట్టీలో అంటుకున్న తెల్లపొడి. ఆ పొడిని తడి బ్రష్షుతో ప్రతి టైలుకీ తుడవాలి. హెల్పరుకి విసుగొచ్చే పని ఇదే, అందుకే నువ్వు కన్నేసి ఉండాల్సిందీ దీనిమీదే. మాలు పిడికిట్లో ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. పరిచాక టైలుని ఊరికే పెట్టి, రబ్బరు సుత్తితో మట్టానికి దించి, మళ్ళీ ఎత్తి చూడు. కింద ఎక్కడ అచ్చు పడలేదో అక్కడ మాలు నింపి, అప్పుడు పాలు పోసి వెంటనే కూర్చోబెట్టు. పాలు ఒకేసారి నాలుగు టైల్స్‌కి పోయకు. మన ఎండల్లో నాలుగోది పెట్టేలోపు పైన పొర కడుతుంది.

విట్రిఫైడ్ టైలు నీళ్ళు పీల్చదు, దాన్ని తొట్లో నానబెట్టడం దండగ. గోడకు వేసే సిరామిక్ టైలు పీల్చుతుంది. సిమెంటుతో వేసేటట్టయితే బుడగలు ఆగేదాకా నానబెట్టు, లేకపోతే సిమెంటులో నీళ్ళు లాగేసుకుని ఊడుతుంది. అడ్హెసివ్‌తో వేసేదైతే నానబెట్టకూడదు.

సందు లేకుండా వెయ్యమని అడుగుతారు. కుదరదని చెప్పు. టైలుకి టైలుకి 2 మిల్లీమీటర్లు, గోడ అంచుల్లో స్కర్టింగు కింద దాగేటట్టు 5, 6 మిల్లీమీటర్లు వదులు. ఆ అంచు సందులోకి మాలు పోనివ్వకు. ఎండాకాలం సాగడానికి చోటు లేకపోతే హాలు నడిమధ్యన రెండు వరసలు గుడారంలా పైకి లేస్తాయి. అది ఏడాది తర్వాత జరిగినా ఫోను నీకే వస్తుంది.

గోడల మీద 4×2 విట్రిఫైడ్‌ని సిమెంటు పాలతో అంటించమనే ఇల్లు దొరికితే ఆ పని వదులుకో. బరువు ఎక్కువ, పట్టు తక్కువ, తలమీద పడుతుంది. అడ్హెసివ్‌కి ఇండియన్ స్టాండర్డు 15477 ప్రకారం టైప్ 1 నుంచి టైప్ 5 దాకా రకాలున్నాయి. సంచి మీద ఏ రకం టైలుకి, గోడకా గచ్చుకా అని రాసి ఉంటుంది, చదువు. 20 కిలోల సంచి 3 మిల్లీమీటర్ల మందానికి 45 నుంచి 50 అడుగులు వస్తుంది. సంచి మీద రాసినన్ని నీళ్ళే పోసి, మిషనుతో కలిపి, ఐదు పది నిమిషాలు వదిలి మళ్ళీ కలుపు. గట్టిపడుతోందని మధ్యలో నీళ్ళు చల్లితే పట్టు పోతుంది, ఆ బక్కెట్టు పారబోయడమే నయం. పళ్ళ తాపీతో గోడకి ఒకే దిశలో గీతలు లాగి, టైలు వెనక కూడా పల్చగా రాయి. నాలుగు మూలలా, మధ్యలో ఒక ముద్ద పెట్టి అంటించే అలవాటు కొన్ని సైట్లలో చూసి ఉంటావు. వెనక ఖాళీ ఉంటుంది, గీజరుకి బెజ్జం వేసిన రోజు టైలు చీలుతుంది.

గోడకి పుట్టీ గానీ రంగు గానీ ఉంటే గీకి, గాట్లు పెట్టాకే మొదలుపెట్టు. బాత్రూములో అడుగు వరస వదిలి, రెండో వరస కింద మట్టంగా బద్ద బిగించి అక్కణ్ణుంచి పైకి రా. గచ్చు వాటం తేలాక అడుగు వరస కోసి దించుకోవచ్చు. అంతకంటే ముందు ప్లంబరు పైపుల్ని ప్రెషర్ పెట్టి చూపించాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్ళు నీళ్ళు కట్టి 48 గంటలు నిలబెట్టాలి, కింది అంతస్తు సీలింగు నువ్వే వెళ్ళి చూడు, ఫోటో తీసి పెట్టుకో. ఈ రెండూ కాకుండా టైలు వేస్తే, లీకయిన రోజు మొదట పగిలేది నీ పనే.

బాత్రూము గచ్చు బయటి గచ్చుకంటే అంగుళమైనా కిందికి ఉండాలి. వాటం అడుగుకి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ కాకూడదు. స్నానం చేసే చోట ఒకటిన్నర పెట్టు. సందులు నింపే గ్రౌటు వేసేముందు రెండు బక్కెట్ల నీళ్ళు పోసి ఇంటావిడ చేతే చూపించు. ఎక్కడైనా గుక్కెడు నీళ్ళు నిలిస్తే ఆ టైలు అప్పుడే పీకు, పచ్చి మీద అరగంట పని. ఎపాక్సీ గ్రౌటయితే నాలుగైదు టైల్స్ చొప్పున వేసి వెంటనే తుడుచుకుంటూ పో. ఆరిన పొర గోకినా రాదు.

పనిముట్లు ఒకేసారి కొనకు. 4×2 కోసే పెద్ద కట్టరు మొదటి రెండు మూడు పనులకి అద్దెకి తెచ్చుకో. కానీ సొంత ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం మొదటి రోజే కావాలి, దానికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకవగానే ఆపేసే స్విచ్చి, ఉండాలి. తడి గచ్చు, అతుకుల వైర్లు, గ్రైండరు కలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. గ్రైండరు గార్డు తీయకు. కోసేటప్పుడు నీళ్ళు పెట్టు, ఎన్95 మాస్కు కట్టు. ఆ తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరిందంటే మళ్ళీ బయటికి రాదు. హెల్పరుక్కూడా కొనిపెట్టు.

డబ్బు విషయం. మొదలుపెట్టేముందు కొంత, ఆ తర్వాత గది గదికీ కొలిచి తీసుకో. చివరికి నూటికి ఐదు కంటే ఎక్కువ ఆపనివ్వకు, అదీ ఏ తేదీన ఇస్తారో రాయించు. ఈ సైటు అడ్వాన్సుతో పోయిన సైటు కూలీ కట్టడం మొదలుపెట్టావంటే మూడో సైటుకి అప్పు చేస్తావు. నోటుబుక్కులో కొలతలు రాసి, ఇంటాయన సంతకం పెట్టించి, ఆ పేజీ ఫోటో అప్పుడే వాట్సాప్‌లో పంపు. నీ పని అయ్యాక కార్పెంటరూ పెయింటరూ వస్తారు. గచ్చు మీద ప్లాస్టిక్ పరిచి పైన పీఓపీ పొర వేయించి, అప్పగించేముందు ఫోటోలు తీసుకో.

కాగితాలు కూడా చేయించుకో. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో 18 నుంచి 60 ఏళ్ళ వాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్ళు చేరొచ్చు. కేంద్రం వాళ్ళ పీఎం విశ్వకర్మ పథకంలో తాపీ పని ఉంది: పనిముట్లకి 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల అప్పు. జీఎస్టీ గురించి ఇప్పుడే కంగారు పడకు, సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే. అయితే టైల్స్, సిమెంటు నువ్వే తెచ్చి బిల్లు వేస్తే ఆ మొత్తమంతా నీ లెక్కలోకి వస్తుంది. అందుకే మొదట్లో సరుకు ఇంటాయన్నే తెచ్చుకోమను.

సోమవారం కొలతలకి వెళ్తున్నావట. లెవల్ పైపులో నీళ్ళు ముందే నింపి, రెండు కొసలూ పక్కపక్కన పట్టి నీటిమట్టం ఒకటిగా ఉందో లేదో చూసుకుని వెళ్ళు. మధ్యలో ఒక్క గాలిబుడగ ఉన్నా ఇల్లంతా గుర్తులు తప్పుతాయి.

ఉంటాను,
మామయ్య