తెలుగు మెయిళ్లు తయారు చేసే మేనకోడలికి

కడప

చిరంజీవి మేనకోడలికి నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న అనంతపురం నుంచి నువ్వు అడిగిన ప్రశ్నకు ఫోన్‌లోనే రెండు మాటలు చెప్పి ఊరుకోవడం నాకు తృప్తిగా లేదు. కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, అనంతపురం శనక్కాయ, కడప పసుపు ధరలను రోజూ తెలుగులో వ్యాపారులకు మెయిలు చేసి, వాళ్లు పంపే జవాబులను చదివి భద్రపరిచే ప్రోగ్రాము నీ చేతికి వచ్చిందని చెప్పావు. సబ్జెక్టులో ఒక్కోసారి ఒక అక్షరం పోయి, దాని స్థానంలో నల్లటి వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం కనబడుతున్నదనీ, కొన్ని మెయిళ్లలో అది అసలు రావడం లేదనీ కూడా అన్నావు. బెంగళూరులో ఇరవై ఏళ్లకు పైగా మెయిలు సాఫ్ట్‌వేర్ మీదే పనిచేశాను గనుక, ఆ వజ్రం ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. అయితే దాని ఒక్కదాని మందు చెప్పి పంపిస్తే రేపు ఇంకొకటి వస్తుంది కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను.

మెయిలు నడిచే దారి తెలుగు కోసం వేసింది కాదు. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం ఆ దారిలో ఒక్కో బైటుకు ఏడు బిట్లే నమ్మకంగా అవతలికి చేరేవి, అంటే 127 దాటిన విలువ ఉన్న బైటు ఏదైనా దారిలో చెడిపోవచ్చు. యూనికోడ్ మన హల్లుకూ, గుణింతానికీ, పొల్లుకూ విడివిడిగా ఇచ్చే సంఖ్యను కోడ్‌పాయింటు అంటారు. తెలుగులో అలాంటి ప్రతి కోడ్‌పాయింటూ, దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు అవుతుంది, ఆ మూడూ 127 దాటినవే. అందుకని తెలుగును మూట కట్టి పంపాలి. ఆ మూట కట్టే పద్ధతికే మైమ్ అని పేరు. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో దానికి మొదటి రూపం ఇచ్చారు. ఈనాటికీ మనం పాటిస్తున్న నియమాలు 1996లో ఆర్‌ఎఫ్‌సీ 2045 నుంచి 2049 వరకు అయిదు పత్రాలుగా వెలువడ్డాయి. నీకు వీలు చిక్కినప్పుడు 2045ను, 2047ను పూర్తిగా చదువు. మిగతావి అవసరం పడినప్పుడు తెరిచినా సరిపోతుంది.

మూట కట్టడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. కోటెడ్-ప్రింటబుల్ అనే పద్ధతిలో 127 దాటిన ప్రతి బైటూ ఒక సమాన గుర్తు, రెండు హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించే) అంకెలుగా మారుతుంది, అంటే ఒక తెలుగు కోడ్‌పాయింటుకు తొమ్మిది గుర్తులు పడతాయి. బేస్64 పద్ధతిలో మూడు బైట్లు నాలుగు గుర్తులు అవుతాయి కాబట్టి అదే కోడ్‌పాయింటు నాలుగింటితో సరిపెట్టుకుంటుంది. ఇంగ్లీషు మధ్యలో ఎక్కడో ఒక రూపాయి గుర్తు ఉన్న మెయిలుకు మొదటిది మంచిది, ఎందుకంటే దాన్ని విప్పకుండానే కంటితో చదువుకోవచ్చు. నిండా తెలుగు ఉన్న మెయిలుకు మాత్రం బేస్64నే వాడు. లైబ్రరీ తనకు తోచింది ఎంచుకునేట్టు వదిలేయకుండా, ఫలానా పద్ధతి కావాలని నువ్వే స్పష్టంగా అడుగు.

ఇక నీ వజ్రం సంగతి. సబ్జెక్టు, పంపినవారి పేరు వంటి హెడర్లలో తెలుగు రాయడానికి ఆర్‌ఎఫ్‌సీ 2047 ‘ఎన్‌కోడెడ్ వర్డ్’ అనే రూపాన్ని నిర్ణయించింది. దానికి ముందు భాగంలో ఏ అక్షర సంకేతమో, ఏ మూట పద్ధతో చెప్పాలి. యూటీఎఫ్-8కు ఆ ముందు భాగం 10 గుర్తులు, చివరి ముడి 2 గుర్తులు. మొత్తం పదం 75 గుర్తులు దాటకూడదు కాబట్టి అసలు సరుకుకు మిగిలేది 63. హెడర్లలో కోటెడ్-ప్రింటబుల్ లాంటి పద్ధతిని క్యూ అంటారు. ఆ పద్ధతిలో మన మూడు జిల్లాల పేర్లు రాసి చూడు. కడపకు మూడు కోడ్‌పాయింట్లు, 27 గుర్తులు, కాబట్టి సులభంగా పడుతుంది. కర్నూలును మనం మూడు అక్షరాలుగా పలుకుతాము గానీ యూనికోడ్ లెక్కలో క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం అని ఏడు, అంటే సరిగ్గా 63 గుర్తులు, ఒక్క గుర్తుకు కూడా సందు లేకుండా నిండుతుంది. అనంతపురానికి ఎనిమిది కోడ్‌పాయింట్లు, 72 గుర్తులు, కాబట్టి ఒక్క ఊరి పేరుకే రెండు పదాలు కావాలి. బేస్64 అయితే నాలుగు చొప్పున విరగాలి గనుక 63లో 60 వాడుకోగలం, అవి 45 బైట్లు, అంటే పదిహేను తెలుగు కోడ్‌పాయింట్లు.

ఆ పదిహేను అనే లెక్కలోనే ప్రమాదం ఉంది. నేను పనిచేసిన ఒక సంస్థలో సబ్జెక్టు మొత్తాన్ని ఒకేసారి బేస్64 చేసి, వచ్చిన పొడుగు వరుసను 60 గుర్తులకు ఒకచోట కోసి, ప్రతి ముక్కకూ ముందు భాగం, ముడి తగిలించే కోడ్ ఏళ్ల తరబడి నడిచింది. మెయిలు లోపలి భాగంలో బేస్64 వరుసలను 76 గుర్తులకు విరిచినా ఏమీ కాదు, ఎందుకంటే విప్పేవాడు వరుసలన్నీ కలిపాకే విప్పుతాడు. హెడర్‌లో అలా కాదు. ప్రతి ఎన్‌కోడెడ్ వర్డునూ విడిగా విప్పుతారు, అందుకే ఒక్కొక్క దానిలోనూ పూర్తి కోడ్‌పాయింట్లే ఉండాలని, ఒకదాని బైట్లను రెండు పదాల మధ్య చీల్చకూడదని నియమం ఉంది. వట్టి తెలుగు మాత్రమే ఉంటే 45 బైట్ల దగ్గర కోత సరిగ్గా కోడ్‌పాయింటు అంచునే పడుతుంది కాబట్టి, పరీక్షలో తప్పు బయటపడదు. కానీ పదాల మధ్య ఖాళీ ఒక్క బైటే. ఆ కోతకు ముందు ఒక ఖాళీ గానీ రెండు గానీ ఉంటే లెక్క పక్కకు జరిగిపోయి కోత కోడ్‌పాయింటు నడుమ పడుతుంది, సరిగ్గా మూడు ఉంటే మళ్లీ కుదురుతుంది. అంకెలూ ఒక్కో బైటే గనుక ధర మారినా ఫలితం మారవచ్చు. కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు అని నువ్వు చెప్పిన దానికి కారణం ఇదే అని నా నమ్మకం.

‘అనంతపురం మార్కెట్ యార్డు శనక్కాయ ధరలు’ అని రాసి చూడు. అనంతపురం 24 బైట్లు, ఖాళీతో 25. ఆపైన ఇరవై బైట్లలో మార్కెట్ అనే మాటలోని మొదటి ఆరు కోడ్‌పాయింట్లు పట్టి, ఏడవదైన ‘ట’ రెండు బైట్లు ఇటు, ఒక బైటు అటు చీలిపోతుంది. నీ వజ్రం సరిగ్గా ఆ ‘ట’ స్థానంలో కనబడితే ఇక వేరే చోట వెతకనక్కరలేదు. దీనికి మందు తేలిక. ముందు తెలుగు పాఠాన్నే కోడ్‌పాయింట్ల అంచున ముక్కలు చేసి, ఒక్కో ముక్కా 45 బైట్లు దాటకుండా చూసుకుని, ఆ తర్వాతే ఒక్కొక్కదాన్ని విడిగా బేస్64 చేయాలి. నా మాట విని ఇంకో అడుగు ముందుకు వేసి, పొల్లుకూ దాని ఒత్తుకూ మధ్య, హల్లుకూ గుణింతానికీ మధ్య కూడా కోయవద్దు. పక్కపక్క పదాల మధ్య ఖాళీని లెక్కలోకి తీసుకోకూడదని నియమం చెబుతున్నా, ఆ ఖాళీని అలాగే చూపించే ప్రోగ్రాములు ఉంటాయి. అక్షరాల మధ్య ఖాళీ వస్తే కంటికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది అంతే, అక్షరం నడుమ వస్తే మాట చదవడానికే రాదు. ఇదంతా చేతితో రాయమని నేను అనడం లేదు. పైథాన్‌లో ఈమెయిల్‌మెసేజ్ క్లాసు వంటివి ఈ పని చేస్తాయి. అయినా లోపల ఏమి జరగాలో తెలిసి ఉంటేనే, లైబ్రరీ ఇచ్చిన ఫలితం సరైనదో కాదో నువ్వు చెప్పగలవు.

వచ్చిన మెయిలును విప్పేటప్పుడు వరుస తప్పకూడదు. వచ్చిన దాన్ని బైట్లుగానే తీసుకో, పాఠంగా మార్చి తీసుకోకు. పైథాన్‌లో స్ట్రింగు నుంచి మెయిలును చదివే ఫంక్షనూ ఉంది, బైట్ల నుంచి చదివేదీ ఉంది. నీకు కావలసింది రెండోది, దానికి డిఫాల్ట్ పాలసీని తప్పకుండా జతచేయాలి, లేకపోతే పాతకాలపు ప్రవర్తన వస్తుంది. బైట్ల మీదనే మెయిలు భాగాలను విడదీయి, ఆ తర్వాత ప్రతి భాగానికీ కట్టిన బేస్64 మూట విప్పు, చివరగా ఆ భాగం చెప్పుకున్న అక్షర సంకేతం ప్రకారం పాఠంగా మార్చు. మెయిలు మొత్తాన్నీ ముందే యూటీఎఫ్-8 అనుకుని పాఠంగా మారిస్తే, వేరే సంకేతంలో ఉన్న ఒక్క భాగం చాలు అంతా చెడిపోవడానికి.

హెడర్లలోనూ ఇదే వరుస. ‘పత్తి వ్యాపారులు, ఆదోని’ అని పేరు పెట్టుకున్నవారి నుంచి మెయిలు వచ్చిందనుకో. పేరును ముందు విప్పి ఆ తర్వాత కామాల దగ్గర చిరునామాలు విడదీస్తే ఒక చిరునామా రెండవుతుంది. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, పేరులో కోణపు బ్రాకెట్లు దాచి పంపి, నీ ప్రోగ్రాము చేత వేరే చిరునామాను అసలైనదిగా నమ్మించవచ్చు. కాబట్టి ముందు చిరునామాలు విడదీయి, ఆ తర్వాతే పేర్లు విప్పు.

వ్యాపారుల మెయిళ్లలో నీకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు, చెప్పిన సంకేతం ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి కావడం. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, దాని పక్కన డిగ్రీ సున్నా గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ వరుసగా కనబడితే, అది యూటీఎఫ్-8 తెలుగును ఎవరో విండోస్-1252 అనే పాశ్చాత్య అక్షరాల సంకేతం అనుకుని చదివిన రూపం. అటువంటప్పుడు ముందు యూటీఎఫ్-8గా కఠినంగా విప్పి చూడు. 127 దాటిన బైట్లున్న వేరే సంకేతపు పాఠం అంత పొడవున యాదృచ్ఛికంగా సరైన యూటీఎఫ్-8 కావడం దాదాపు జరగదు కాబట్టి, తప్పు రాకుండా విప్పబడితే నమ్మవచ్చు. ఒకసారి చెడిన పాఠాన్ని వెనక్కి తిప్పి బాగుచేయవచ్చని మాత్రం భరోసా పెట్టుకోకు. మన పొల్లు యూటీఎఫ్-8లో ముగిసేది హెక్స్‌లో 8డీ అనే బైటుతో, విండోస్-1252 పట్టికలో ఆ స్థానం ఖాళీ. కొన్ని ప్రోగ్రాములు అక్కడ ప్రశ్నార్థకం పెట్టేస్తాయి, ఆ తర్వాత ప్రతి ఒత్తు అక్షరమూ శాశ్వతంగా పోతుంది. అందుకే వచ్చిన మెయిలు మూల బైట్లను మార్చకుండా ఎప్పుడూ విడిగా భద్రపరచు. మెయిలు దారిలో మారలేదని తేల్చే డీకిమ్ సంతకం సరిచూడాలన్నా ఆ మూలమే కావాలి.

డీటీపీ సెంటర్లలో వాడే పాత ఫాంట్లలో టైపు చేసి అతికించిన మెయిళ్లు వేరు. అక్కడ బైట్లు నిజంగానే ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు ఉన్నది ఫాంటు బొమ్మల్లో మాత్రమే. మైమ్‌కు దానితో సంబంధం లేదు, ఏ ఫాంటో తెలుసుకుని దానికి తగిన కన్వర్టరుతో మార్చుకోవాలి.

భాగాలున్న మెయిలు తయారీలో రెండు మాటలే చెబుతాను. ఒకే సమాచారాన్ని సాదా పాఠంగానూ హెచ్‌టీఎంఎల్‌గానూ పంపేటప్పుడు ఆల్టర్నేటివ్ అనే రకాన్ని వాడి, సాదా పాఠం ముందు, హెచ్‌టీఎంఎల్ చివర ఉంచు, ఎందుకంటే అందుకునే ప్రోగ్రాము తనకు అర్థమయ్యే వాటిలో చివరిదాన్ని ఎంచుకోవాలని నియమం. భాగాల మధ్య గట్టుగా వేసే బౌండరీ వరుస ఏ భాగం లోపలా రాకూడదు, 70 గుర్తులు దాటకూడదు.

జత చేసిన ఫైలుకు ‘పసుపు ధరలు’ అని తెలుగు పేరు పెడితే, దానికి ఎన్‌కోడెడ్ వర్డ్ పనికిరాదు. ఆ చోటుకు శాతం గుర్తులతో రాసే ఆర్‌ఎఫ్‌సీ 2231 పద్ధతి ఉంది. పంపేటప్పుడు దాన్నే వాడు. కానీ అవతలివాళ్లు నియమం తప్పి ఎన్‌కోడెడ్ వర్డుగా పంపినా నీ ప్రోగ్రాము చదవగలగాలి. విప్పిన ఆ పేరుతో నేరుగా డిస్కు మీద ఫైలు రాయవద్దు. రెండు చుక్కలు, గీత కలిపి నీ ఫోల్డరు దాటి వెళ్లే పేరు పంపేవారు ఉంటారు, కాబట్టి నీ పేరుతో దాచి, వాళ్ల పేరును డేటాబేసులో ఉంచు. అలాగే, యార్డులో గుమస్తా ఫారంలో నింపిన మాటను సబ్జెక్టుగా వాడుతున్నావు గనుక, అందులో కొత్త వరుస గుర్తు ఉంటే తిరస్కరించు. లేకపోతే ఎవరైనా దాని ద్వారా కొత్త హెడరు చొప్పించి, నీ సర్వరు నుంచే ఊరందరికీ మెయిళ్లు పంపగలరు.

తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అనవసరపు గుర్తులు శుభ్రం చేస్తున్నామని దాన్ని తీసేసే కోడ్ ఎక్కడైనా ఉంటే తొలగించు. అది మాటలో భాగమే, యూటీఎఫ్-8లో దానికీ మూడు బైట్లే కాబట్టి పైన చెప్పిన లెక్క మారదు.

ముందు ఆ కోత సరిచేసి, కడప, కర్నూలు, అనంతపురం పేర్లతో మూడు సబ్జెక్టులు, ప్రతిదానికీ ఒక ఖాళీ, రెండు ఖాళీలు, మూడు ఖాళీలు వచ్చేట్టు తొమ్మిది మెయిళ్లు తయారు చేసి నాకు పంపు. స్క్రీన్ మీద బాగుందని ఫోటో తీసి పంపవద్దు, మెయిళ్లే రావాలి. నేను వాటిని మూల రూపంలో తెరిచి, ఒక్కో ఎన్‌కోడెడ్ వర్డునూ విడిగా విప్పి చూసి, ఆదివారం నీకు ఫోన్ చేస్తాను. అమ్మానాన్నలను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ