ఒంగోలులో ఉంటున్నాను, రాక్ క్లైంబింగ్ ఎలా మొదలుపెట్టాలి?

దగ్గర్లో రాళ్ళున్నాయి కదా అని నేరుగా ఎక్కేయకండి. ముఖ్యంగా చీమకుర్తి గ్రానైట్ క్వారీల గోడల జోలికి వెళ్ళొద్దు. నిటారుగా ఊరిస్తాయి గానీ, పేలుళ్ళకు లోపల పగిలి ఉంటాయి. ఏ పెచ్చు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం.

ముందు శిక్షణ కావాలి. తెలంగాణలోని భువనగిరి కోట దగ్గర రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఓనమాలు దిద్దుకున్నదీ ఆ రాతి మీదే.

మొదట టాప్ రోప్ మీద నేర్చుకోవాలి. తాడు పైనున్న యాంకర్ (రాతికి గట్టిగా బిగించిన ఆధారం) గుండా వచ్చి మీ హార్నెస్‌కి, అంటే నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీకి చేరుతుంది. రెండో వైపు కింద బిలే చేసే, అంటే తాడు పట్టి మిమ్మల్ని కాపాడే మనిషి దాన్ని బిగువుగా ఉంచుతాడు కాబట్టి కాలు జారినా ఎక్కువ దూరం పడరు. తాడును హార్నెస్‌కి కట్టే ఎనిమిది అంకె ఆకారపు ముడిని కళ్ళు మూసుకుని వేయగలిగేదాకా ఇంట్లో సాధన చేయండి. అయినా సరే, ఎక్కే ముందు ప్రతిసారీ ఒకరి ముడి ఒకరు చూడాలి.

కొత్తవాళ్ళు దాదాపు అందరూ చేతులతో లాక్కుంటారు. కాసేపటికే ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి పట్టు జారుతుంది. చేతులు చాచి ఉంచి, కాలి బొటనవేలి కొస మీద బరువు మోపి, కాళ్ళతో పైకి లేవండి. వేళ్ళ స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు) కండరాలంత త్వరగా బలపడవు, అందుకే మొదట్లో వారానికి రెండు రోజులు చాలు.

కాళ్ళ బలానికి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గం నడిచి ఎక్కండి, జనవరి, ఫిబ్రవరి ఉదయాలు హాయిగా ఉంటాయి. కొనాలనుకుంటే ముందు క్లైంబింగ్ షూస్ కొనండి. తాడు, హార్నెస్ మాత్రం సెకండ్ హ్యాండ్‌వి వద్దు.